పదో గంప

బాలస్వామి వంగి పని చేయడం మానేసి పన్నెండేళ్లయింది. ఒంట్లో బాగాలేక కాదు, పని చేతగాక అంతకన్నా కాదు. కూలి పెద్ద అన్నవాడు వంగకూడదని అతని సిద్ధాంతం. వేరుశనగ పీకే రోజుల్లో ముప్పై మంది చేలో దిగితే అతను గట్టు మీద తుమ్మకట్టె పట్టుకుని నిలబడేవాడు. ఎవరి సాలు వెనకబడింది, ఎవరి చేతికింద కాయ తెగి మన్నులో ఉండిపోయింది, ఎవరు గంపలో వేసిన కాయ కంటే నోట్లో వేసుకున్న కాయ ఎక్కువ, అన్నీ అక్కడి నుంచే చెప్పేవాడు. ఆ గొంతు ఏటి అవతలికి వినిపించేదని ఊళ్లో అనుకునేవారు.

ఊరు రాళ్లపాడు. గద్వాల సంస్థానంలో తుంగభద్ర ఒడ్డున ఉండేది. ఏటికి ఇవతల సంస్థానం, దాని మీద నిజాం. అవతల కర్నూలు జిల్లా, దాని మీద ఇంగ్లీషువాళ్లు. ఈ సంగతి కాగితాలకు తెలుసు, ఏటికి తెలియదు. గుండ్రటి తోలుపడవ, అదే పుట్టి, ఎక్కితే చుట్ట ఒకటి కాల్చి పారేసేలోగా అవతల దిగవచ్చు. రెండు ఒడ్లదీ ఒకే భాష, ఒకే రొట్టె, ఒకే జాతర. బాలస్వామి పెండ్లాం ఈదమ్మ కూడా అవతలి ఒడ్డు పిల్లే. ఆమె కాపురానికి వచ్చిన కొత్తలో బాలస్వామి తల్లి ఆమెకు పొయ్యి రాజేయడం దగ్గర నుంచి చేలో పని చేసే తీరు దాకా అంతా మార్చి పారేసింది. పాతికేళ్లు గడిచేసరికి ఈదమ్మ అత్తగారి కంటే ఎక్కువ రాళ్లపాడు మనిషి అయింది.

ఇక బాలస్వామి పెద్దరికానికి మూలమైన పదో గంప గురించి చెప్పాలి. చేను పీకి, కాయ కోసి, కుప్ప పోసి, పొద్దు వాలాక గంపతో కొలుస్తారు. అందులో కూలీలకు ఎన్నో గంప వస్తుందన్నదే కూలి. వెనుక పన్నెండో గంప ఉండేది. ఒక ఏడు బాలస్వామి మనుషులందర్నీ గట్టెక్కించి కూర్చోబెట్టాడు. తాను మాత్రం పటేలు తిరుపతయ్య ఇంటి ముందు మూడు రోజులు కూర్చుని, పటేలు తిన్నా మాట్లాడి, పడుకున్నా మాట్లాడి, చివరికి ఆయనకు నిద్ర కరువు చేసి పదో గంపకు తెచ్చాడు. తొమ్మిది పటేలువి, పదోది కూలీలది. ఆ గంపలిచ్చి జొన్నలు తెచ్చుకుంటే ముప్పై ఇళ్లలో మృగశిర దాకా పొయ్యి ఆరేది కాదు. బాలస్వామిని తిట్టినా పడేవాడేమో గాని, పదో గంపను ఒక మాటంటే ఊరుకునేవాడు కాదు.

రెండో జర్మనీ యుద్ధం జరుగుతున్న రోజుల్లో ఆ గంపకు గండం వచ్చింది. నూనెగింజలకు గిరాకీ పెరిగిందని ఇవతలి పటేళ్లందరూ ఎర్ర చెలకల నిండా పల్లి వేశారు. అదే ఏడు అవతలి ఒడ్డున వాన చుక్క పడలేదు. తినడానికి లేనివాళ్లు పని ఉన్న చోటికి రావడం ఎప్పుడూ ఉన్నదే. అయితే ఆ ఏడు దివాణం నుంచి హుకుం ఒకటి దిగింది. ఉన్న గింజలు ఉన్నవాళ్లకే చాలడం లేదు కాబట్టి చిట్టీ లేకుండా అవతలి మనిషి ఇవతల కూలి చేయకూడదు, పటేలు తన ఊరి మనిషని చెబితేనే చిట్టీ ఇవ్వాలి అని. పుట్లు దిగే చోట ఒక పాక వేసి దానికి చౌకీ అని పేరు పెట్టారు. అందులో పట్నం నుంచి వచ్చిన ఒక జమాదారును, ఇద్దరు జవానులను కూర్చోబెట్టారు. ముగ్గురూ మధ్యాహ్నం తిని ఒక కునుకు తీసేవారు. అవతలి జనం సరిగ్గా ఆ వేళకే ఏరు దాటేవారు. అంత కచ్చితమైన వేళాపాళా అప్పటి రైళ్లకు కూడా లేదు.

పటేలు తిరుపతయ్య వాళ్లను పన్నెండో గంపకు పెట్టుకున్నాడు. రాళ్లపాడు కూలీలు గట్టు మీద కూర్చుని తమ చేను వేరేవాళ్లు పీకుతుంటే చూశారు. బాలస్వామి కట్టె పట్టుకుని అలాగే నిలబడ్డాడు గాని, అరవడానికి చేలో తన మనిషి ఒక్కడూ లేడు.

ఇంటికొచ్చి ఆ కోపమంతా ఈదమ్మ మీద చూపించాడు. ఎందుకంటే వచ్చినవాళ్లలో ముందున్నది ఆమె తమ్ముడే. పెండ్లినాటికి వాడి పేరు హన్మంతు. తర్వాత ఇంటిల్లిపాదీ మిషను వాళ్లలో కలిసి దానియేలు అయ్యాడు. పేరు మారినా ఆకలి మారలేదు.

"మీ తమ్ముడు మన పండ్ల కింది రొట్టె గుంజుకుంటుండు," అన్నాడు బాలస్వామి.

"వానిక్కూడ పండ్లున్నయి," అన్నది ఈదమ్మ.

బాలస్వామి మర్నాడు పాదునుంచి ఒక సొరకాయ తెంపుకుని చౌకీకి పోయాడు. సంస్థానం మేలు కోరేవాడిగా అవతలివాళ్ల మీద ఒక అర్జీ చెప్పుకున్నాడు. జమాదారు సొరకాయను అటూ ఇటూ తిప్పి చూసి, ఇద్దరు జవానులను చేను మీదికి పంపాడు. వాళ్లు పోయేసరికి అవతలి జనం జొన్నచేలో దూరారు. జవానులు కాసేపు కేకలేసి వెళ్లిపోయారు.

బాలస్వామి మీసం తడుముకుని, ఇక పటేలు తన ఇంటికి మనిషిని పంపుతాడని గుమ్మంలో కూర్చున్నాడు. మనిషి రాలేదు. పటేలు జొన్నచేలోకే పోయి అక్కడ నక్కినవాళ్లతో తీరుబడిగా మాట్లాడాడు. పన్నెండో గంప అన్న మాట నిజమేననీ, చౌకీవాళ్లు వచ్చిపోయాక తనకు భయం పట్టుకుందనీ, చిట్టీ లేనివాళ్లను పెట్టుకున్నందుకు రేపు తన మెడకు చుట్టుకుంటే దిక్కెవరనీ చెప్పుకొచ్చాడు. ఆ భయానికి మూడు గంపలు కలిపి పదిహేనో గంప అన్నాడు. ఇష్టం లేనివాళ్లు నేరుగా చౌకీ ముందునుంచే పోవచ్చన్నాడు. ఎవరూ పోలేదు.

పదిహేనో గంపకు చేతులు దొరికాక పదో గంప వాళ్లను ఎవరు పిలుస్తారు? బాలస్వామికి ఇది అంతు పట్టలేదు. ఫిర్యాదులో బలం చాలలేదనుకున్నాడు. ఈసారి కోడిపెట్టను పట్టుకుపోయాడు. జవానులు రెండుసార్లు వచ్చారు, ఇద్దరు ముసలాళ్లను పట్టుకుని పుట్టెక్కించారు. పటేలు భయం ఇంకా పెరిగింది. ఇరవయ్యో గంప అన్నాడు.

మూడోసారి పోయినప్పుడు జమాదారు విసుక్కున్నాడు. ఆయనదీ ఒక కష్టమే. పట్నంలో పుట్టి పెరిగిన మనిషి, ఇక్కడికి వచ్చేదాకా పల్లికాయ చెట్టుకొమ్మకు కాస్తుందనుకున్నవాడు. చూస్తే రెండు ఒడ్ల మనుషులవీ ఒకే మొహాలు, ఒకే రుమాళ్లు. ఎవడు ఎవడో ఎలా తేల్చాలని అడిగాడు.

బాలస్వామికి ఇన్నాళ్లకు తన విద్యకు తగిన ప్రశ్న ఎదురైంది. పాకలోనే చతికిలబడి వివరంగా చెప్పాడు. ఇవతలివాళ్లు పల్లి పీకేటప్పుడు గొంతుక్కూర్చుని పీకుతారు. పీకిన చెట్టును నేలకు కొట్టి మన్ను దులుపుతారు. అవతలివాళ్లు కూర్చోరు. కాళ్లు ఎడం పెట్టి, నిలబడే నడుం వంచి, రెండు చేతులా లాగి, చెట్టును ఎడమ మోకాలికి కొట్టి దులుపుతారు. తాతలనాటి నుంచీ అంతే.

"మాట మార్చొచ్చు సాబ్, రుమాలు మార్చొచ్చు. పని తీరు మారదు. ఒళ్లు అబద్ధం చెప్పదు," అన్నాడు.

జమాదారుకు ఆ మాట ఎంతగానో నచ్చింది. కాగితం మీద కూడా రాసుకున్నాడు.

మర్నాడు ఆయన కునుకు మానేసి మిట్టమధ్యాహ్నం చేను చుట్టూ జవానులను నిలబెట్టాడు. అవతలి జనం నలభై మంది దొరికిపోయారు. తేడా కళ్లారా చూడాలని రాళ్లపాడు కూలీలను కూడా పిలిపించాడు. పటేలు గొడుగు కింద నిలబడ్డాడు. సంగతేమిటో ఎవరికీ చెప్పకుండా ఒక్కొక్కరినీ పిలిచి పీకమన్నారు. దానియేలు నిలబడి వంగాడు, చెట్టును మోకాలికి కొట్టాడు. వాడి వెంట వచ్చినవాళ్లంతా అంతే. రాళ్లపాడువాళ్లు గొంతుక్కూర్చున్నారు. ఈదమ్మ వచ్చి, చీర కుచ్చెళ్లు సర్దుకుని, అత్తగారు నేర్పినట్లే గొంతుక్కూర్చుని పీకి నేలకు కొట్టింది. ప్రతి మనిషికీ బాలస్వామి తల పంకిస్తూ, చూశారా సాబ్ అన్నట్లు జమాదారు వంక చూశాడు.

అంతా బాగానే ముగిసేది. జమాదారు ముచ్చటపడి, పెద్దమనిషివి నువ్వు కూడా ఒక సాలు పీకి చూపించమన్నాడు.

పన్నెండేళ్ల తర్వాత బాలస్వామి కట్టె పక్కన పెట్టి చేలో దిగాడు. అతని ధ్యాసంతా తన పనితనం మీదే ఉంది. కాళ్లు ఎడం పెట్టాడు. నిలబడే నడుం వంచాడు. రెండు చేతులా చెట్టు లాగాడు, కాయ ఒక్కటి తెగలేదు. ఎడమ మోకాలికి టపటపా కొట్టాడు. ఎర్రమన్ను రాలింది. మెచ్చుకుంటారని తలెత్తి చూశాడు.

రాళ్లపాడు వరుసలో ఎవరో ఫక్కున నవ్వారు. నవ్వినవాళ్లలో మొదటిది ఈదమ్మే. ఆమెకు తెలుసు. పెండ్లైన కొత్తలో అత్త ఆమెను కూర్చోబెట్టి పీకడం నేర్పుతుంటే, పక్క సాలులో పాతికేళ్ల బాలస్వామి కొత్త పెండ్లాన్నే చూస్తూ, ఆమె పుట్టింటి తీరు నేర్చుకున్నాడు. మోకాళ్లు నొప్పి పుట్టని తీరు అది. తల్లి చూడనప్పుడల్లా అలాగే పీకాడు. ఆమె తీరు అతనికీ, వాళ్లమ్మ తీరు ఆమెకూ వచ్చాయి. తర్వాత గట్టెక్కి నిలబడ్డాక తాను ఎలా వంగేవాడో తానే మరిచిపోయాడు. ఎవరి వంపు వాళ్లకు కనబడదు గదా.

"ఒళ్లు అబద్ధం చెప్పదని నువ్వే అంటివి," అన్నాడు జమాదారు కాగితం తీసి.

"ఇది నా పెండ్లాం తీరు సాబ్."

"నీ పెండ్లాం కూసోని పీకింది గదా."

రాళ్లపాడువాళ్లు ఇతను మా పెద్దే అన్నారు. కూలోళ్ల మాట కాగితానికి ఎక్కదని, హుకుం ప్రకారం పటేలు చెప్పాలని జమాదారు అన్నాడు. అందరూ గొడుగు వైపు తిరిగారు.

తిరుపతయ్య బాలస్వామిని పుట్టినప్పటి నుంచీ ఎరుగును. తన ఇంటి ముందు మూడు రోజులు కూర్చుని నిద్ర చెడగొట్టిన సంగతి అసలే మరిచిపోలేదు. ఆయన గొడుగు కొంచెం కిందికి దించి ఆలోచించాడు. ఇవతల ఉంటే వీడు పదో గంప మనిషి. అవతలినుంచి వస్తే ఇరవయ్యో గంప మనిషి.

"ఊరు పెద్దది సాబ్. అందరి మొఖాలు యాదికుంటయా," అన్నాడు.

"ఔనా కాదా చెప్పు పటేలా."

"చూసినట్టు లేదు."

అలా బాలస్వామిని అవతలి జనంతో పాటు పుట్టెక్కించారు. కట్టెకు చోటు లేదని ఒడ్డునే పారేయించారు. ఈదమ్మ ఒడ్డుదాకా పరుగెత్తుకొచ్చింది. ఆమెకు నవ్వు ఆగలేదు, ఆ నవ్వులోనే ఏడుపు వచ్చింది, చివరికి ఏడుపే మిగిలింది. పుట్టి నడి ఏట్లో గిర్రున తిరిగినప్పుడు బాలస్వామికి తన ఊరు ఒకసారి కనబడి, ఒకసారి మాయమై, మళ్లీ కనబడింది. పరాయి మనిషిగా తన ఊరిని చూడడం అతనికి అదే మొదలు.

అవతల దానియేలు తన గుడిసెలో కూర్చోబెట్టి అంబలి పోశాడు. అందులో గింజలకంటే నీళ్లే ఎక్కువ. రెండు గుక్కలు తాగాక దానియేలు అడిగాడు.

"చౌకీల చెప్పింది నువ్వేనంట గద బావా?"

"నేనే."

దానియేలు కుండ వంచి, అడుగున తన కోసం ఉంచుకున్నది కూడా బావ చిప్పలోనే పోశాడు. తిట్టి ఉంటే బాలస్వామి తిరిగి తిట్టేవాడు. తిట్టకపోయేసరికి సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం జమాదారు యథాప్రకారం కునుకు తీశాడు. అవతలి జనం యథాప్రకారం ఏరు దాటారు. వాళ్ల నడుమ మొహానికి రుమాలు చుట్టుకుని, తన ఊళ్లోకి తాను దొంగతనంగా బాలస్వామి దిగాడు. ఇంటికి పోదామనుకున్నాడు. ఇంటికి పోయే బాట చౌకీ ముందు నుంచే ఉంది, ఈలోగా జవానులు కునుకు తీసి లేచారు. అందుకని అందరితో పాటు పటేలు చేలోనే దిగి వంగాడు.

తిరుపతయ్య వేపచెట్టు నీడలోంచి లేచి నిదానంగా వచ్చి రుమాలు మనిషి పక్కన నిలబడ్డాడు.

"ఇరవయ్యో గంప. నోరు లేస్తే చౌకీ దగ్గర్నే ఉంది," అన్నాడు. రెండడుగులు పోయి మళ్లీ వెనక్కి వచ్చి, మెల్లగా అన్నాడు. "వంగుడు మంచిగనే వస్తుంది నీకు, బాలిగా."

పొద్దు వాలాక కొలిచారు. పదో గంప వచ్చినప్పుడు అలవాటు కొద్దీ బాలస్వామి చేయి ముందుకు సాగింది. ఆ గంప పటేలు కుప్పలో పడింది. పదకొండు, పన్నెండు, అలా పంతొమ్మిది దాకా పడ్డాయి. నలభై మంది పూటంతా వంగితే మూడు గంపలు వచ్చాయి. ఎవరూ నోరెత్తలేదు. ఎందుకు ఎత్తరో బాలస్వామికి ఆ రోజు తెలిసింది. తాను ఇచ్చిన సొరకాయా, కోడిపెట్టా వాళ్ల నోళ్లకు కట్టిన గుడ్డలయ్యాయి. వాళ్ల నోళ్లు కట్టాక తన ముప్పై ఇళ్ల నోళ్లూ కట్టుబడ్డాయి.

జవానులు వంట పనిలో పడ్డ వేళ చూసి, చుట్టూ తిరిగి, పెరటి కంచె దూరి ఇల్లు చేరాడు. ఈదమ్మకు అంతా చెప్పాడు. ఆమె చెంపలు వాయించలేదు గాని, లెక్క మాత్రం చెప్పింది.

"నువ్వు సొరకాయ ఇస్తే పదిహేనుకు దిగె. కోడిపెట్టను ఇస్తే ఇరవైకి దిగె. మ్యాకను ఇచ్చుంటే ఇంక మనమే పటేలుకు గంపలు మోసిచ్చేటోళ్లం."

బాలస్వామి నవ్వబోయి ఏడ్చాడు. పాతికేళ్ల కాపురంలో ఆమె ముందు తప్పయిందని అన్నది ఆ ఒక్కసారే. నువ్వేం చెబితే అది చేస్తానన్నాడు. ఆ మాట కోసమే కాచుక్కూర్చున్నట్టు, ఈదమ్మ చెప్పడం మొదలుపెట్టింది.

ఆ వారమే రెండు రోజులు వాన కురిసి వెలిసింది. తడి చెలక మీద ఎండ కాస్తే పైమన్ను గట్టిపడుతుంది. ఆ లోపల చెట్టు లాగాలి. ఆలస్యమైతే చెట్టు చేతికొస్తుంది, కాయ మన్నులోనే ఉండిపోతుంది. ఇది పసిపిల్లలకు కూడా తెలుసు, పటేలుకు ఇంకా బాగా తెలుసు. సరిగ్గా అప్పుడు అవతలినుంచి ఎవరూ రాలేదు. ఇవతలివాళ్లూ పోలేదు.

పోకుండా ఉండాలంటే తినాలి గదా. అవతలి నలభై మందికి పని లేకుంటే ఆ పూట అంబలి కూడా లేదు. ఈదమ్మ ముప్పై ఇళ్లూ తిరిగి, ఇంటికి ఇన్ని రొట్టెలని అడిగింది. నిన్నటిదాకా వాళ్లను తిట్టినవాళ్లు కొందరు తలుపు వేసుకున్నారు. ఆమె తలుపు ముందే నిలబడి, ఇరవయ్యో గంప మీక్కూడా కావాల్నా అని అడిగి మరీ చేయించింది. గింజలు ఏరు దాటించకూడదని చౌకీలో రాసి ఉంది గాని, రొట్టెల మాట ఎక్కడా రాసి లేదు. చిట్టీ లేని దొంగమనిషి ఇంట్లోనే ఒకడు ఉన్నాడు గనుక, రోజూ మధ్యాహ్నం కునుకు వేళకు ఆ మూట మోసే పని బాలస్వామిది. కూలి పెద్ద నెత్తిన రొట్టెల మూట చూసి ఊరంతా మురిసింది.

మూడో రోజు పటేలు ఇంటిల్లిపాదినీ తీసుకుని తానే చేలో దిగాడు. గొంతుక్కూర్చుంటే లేవలేకపోయాడు. నిలబడి వంగితే కూర్చోలేకపోయాడు. చెట్లు మాత్రం చక్కగా వచ్చాయి, కాయలు లేకుండా. నాలుగో రోజు పొద్దున నడుం పట్టుకుని ఈదమ్మ గుమ్మం ముందుకు వచ్చాడు.

ఎన్నో గంప అడుగుతుందోనని ఆయన దారి పొడుగునా లెక్కలు వేసుకుంటూ వచ్చాడు. ఈదమ్మ గంప ఊసే ఎత్తలేదు.

"గంప సంగతి తర్వాత దొరా. మా తమ్ముని జనం భయపడుతున్నరు. జర చౌకీల చెప్పి, అందరికి చిట్టీలిప్పియ్యి. ఇప్పుడే దిగుతం."

గంప మాట లేదని తిరుపతయ్యకు ప్రాణం లేచొచ్చింది. చిట్టీ అంటే కాగితం ముక్క, తన ఇంట్లో పోయేదేముంది అనుకున్నాడు. అప్పటికప్పుడే అవతలివాళ్లను పుట్లలో రప్పించి, రెండు ఒడ్ల మనుషులనూ డెబ్బై మందిని వెంటబెట్టుకుని చౌకీకి పోయి, వీళ్లంతా మా రాళ్లపాడు మనుషులేనని ప్రమాణంగా చెప్పాడు.

జమాదారు ఆ గుంపును చూసి, తర్వాత పటేలును చూశాడు.

"వీన్ని పోయిన వారం చూసినట్టు లేదంటివి గద," అన్నాడు బాలస్వామిని చూపించి.

"ఎండ సాబ్. ఎండకు కండ్లు ఆనలే."

"మరి వీండ్లు నిలబడి పీకుతరు గద?"

"మా ఊర్ల రెండు తీర్లు ఉన్నయి సాబ్."

జమాదారు దిగులుగా తన కాగితం తీసి, ఒళ్లు అబద్ధం చెప్పదు అన్న మాట కొట్టేశాడు. ఉద్యోగంలో ఆయన నేర్చుకున్న ఒకే ఒక్క విద్య అలా పోయింది. డెబ్బై చిట్టీలు రాసేసరికి ఆయన వేళ్లు కొంకర్లు పోయాయి. కునుకు కూడా తప్పిపోయింది.

ఆ రోజు డెబ్బై మంది చేలో దిగారు. కొందరు కూర్చుని, కొందరు వంగి పొద్దు వాలేదాకా పీకారు. కొలత మొదలైంది. తొమ్మిదో గంప పటేలు కుప్పలో పడింది. పదో గంప నింపగానే బాలస్వామి వచ్చి దాని ముందు బైఠాయించి రెండు చేతులూ చుట్టేశాడు.

"లేవరా," అన్నాడు తిరుపతయ్య. "చౌకీవాళ్లను పిలవాల్నా?"

"పిలువు దొరా. మేమంత నీ ఊరోళ్లమని నువ్వే చెప్తివి. ఎవర్ని ఎళ్లగొడ్తరు?"

పటేలు చుట్టూ చూశాడు. చిట్టీలు రుమాలు కొసల్లో, చీర కొంగుల్లో భద్రంగా ముడివేసి ఉన్నాయి. తాను పొద్దున చెప్పింది అబద్ధమని ఇప్పుడు చౌకీకి పోయి చెబితే, ముందు పట్టుకునేది తననే. ఇన్నాళ్లూ ఎవరి భయాన్ని గంపలుగా కొలిచాడో, వాళ్లలో ఎవరికీ భయం మిగల్లేదు. ఉన్న కాస్తా తన దగ్గరికే వచ్చి చేరింది. చేనింకా సగం మన్నులోనే ఉంది. ఆయన మారుమాట లేకుండా పదకొండో గంపను మళ్లీ ఒకటిగా లెక్క పెట్టాడు.

అందరూ సుఖంగా ఉన్నారని చెబితే అబద్ధమవుతుంది. ముప్పై మంది పంచుకునే గంపను డెబ్బై మంది పంచుకుంటే ఎవరికీ నిండదు. మృగశిర దాకా రావలసిన జొన్నలు ఉగాది దాటగానే చాలా ఇళ్లలో అయిపోయాయి. ఈదమ్మ వల్లనే ఇదంతా అని అన్నవాళ్లూ ఉన్నారు. అయితే రాళ్లపాడులో తొందరగా పని ముగించుకుని రెండు గుంపులూ కలిసి పక్క ఊళ్లకు పోయాయి. ఎక్కడికి పోయినా పదో గంపే అడిగాయి. వీళ్లు కాకుంటే వాళ్లు అనడానికి ఏ పటేలుకూ వాళ్లన్నవాళ్లు దొరకలేదు.

బాలస్వామి ఆ తర్వాత కట్టె పట్టలేదు. ఈదమ్మ గట్టు మీద నిలబడితే అతను చేలో వంగేవాడు. ఆమె గొంతు అతని గొంతంత పెద్దది కాదు గాని ఎక్కువ దూరం పోయేది. నీ వంగుడు చూపియ్యి పెద్దమనిషీ అని కుర్రకారు ఆటపట్టిస్తే, చూసి నేర్చుకోండ్రి, పెండ్లాం దగ్గర నేర్చిన పని అని గొప్పలు పోయేవాడు.

యుద్ధం ముగిసిన ఏడాదికి కాబోలు, ఈసారి కరువు పడమటి దిక్కున పడింది. ఒక మధ్యాహ్నం, చౌకీ కునుకు వేళకు, పటేలు కబురందుకున్న కొత్త జనం పుట్లలో దిగారు. కన్నడం మాట్లాడే మనుషులు, చంకలో పిల్లలు, నెత్తిన చినిగిన గొంగళ్లు. అప్పటికి రెండు గుంపులూ ఒకటైపోయిన రాళ్లపాడు కూలీలు గట్టు మీద గుమిగూడి గొణుక్కున్నారు. దానియేలే అందరికంటే గట్టిగా అన్నాడు, వీండ్లను చౌకీకి అప్పజెప్పాల బావా అని. మీరు ముందు పోయి చెప్పండని ఇంకెవరో ఒక సొరకాయ కూడా తెచ్చి బాలస్వామి చేతిలో పెట్టారు.

అతను ఆ సొరకాయ పట్టుకుని ఏటి ఒడ్డుకు దిగాడు. చౌకీ వైపు తిరగలేదు. నేరుగా పోయి, కొత్తవాళ్లలో ముందున్న ముసలాయన పక్కన కూర్చుని, సొరకాయను ఆయన ఒడిలో పెట్టాడు. పటేలు మీకు ఎన్నో గంప చెప్పాడని అడిగాడు. ముసలాయనకు మాట తెలియలేదు గాని గంప సైగ తెలిసింది.

"హదినైదు," అన్నాడు, రెండు చేతుల వేళ్లూ చూపి, మళ్లీ ఒక చెయ్యి చూపి.

బాలస్వామి ఆ రెండోసారి లేచిన చేతిని పట్టుకుని మెల్లగా కిందికి దించాడు. తన రెండు చేతులూ పైకెత్తి పది వేళ్లూ విప్పి పట్టుకున్నాడు. ముసలాయన అతన్నీ, గట్టు మీది జనాన్నీ మార్చి మార్చి చూశాడు. పుట్లలోంచి దిగుతున్నవాళ్లు కూడా ఆగి చూశారు. బాలస్వామి చేతులు నొప్పి పుట్టినా దించలేదు. ముసలాయన తన పది వేళ్లూ ఎత్తి, ఆయన వెనుక ఒక్కొక్కరూ ఎత్తేదాకా అలాగే కూర్చున్నాడు.